గాలి హోరు మీద పాట

విమానంలోంచి మనిషి దూకితే వినిపించేది సంగీతం కాదు, గాలి. అదీ సాయంత్రం డాబా మీద హాయిగా వీచే గాలి కాదు. లారీ ఇంజనుకి చెవి ఆనించినట్టుండే బొబ్బ. తలకి కట్టుకున్న కెమెరా ఆ బొబ్బని ఉన్నదున్నట్టు పట్టుకొస్తుంది. దాన్ని అలాగే చూపిస్తే దూకినవాళ్ళు మొహాలు ముడుచుకుంటారు. బుగ్గలు జెండాల్లా కొట్టుకుంటూ, ముక్కు ఒక పక్కకి ఒరిగి, నోట్లోంచి చొంగ చెవిదాకా పాకుతున్న తమ మొహం చూసుకుని తాము సాహసవంతులమని నమ్మడం ఎవరికైనా కష్టమే. అందుకని పాట కావాలి. గాలి గొంతు నొక్కేసి దాని మీద ఒక పాట పరిస్తే అదే మొహం గంభీరంగా కనిపిస్తుంది. చొంగ కూడా శౌర్యం కిందికే వస్తుంది.

డబ్బు కట్టి విమానంలోంచి దూకడానికి జనం వచ్చే ఆ కేంద్రంలో పాట పరిచేవాడిని అందరూ బొటనవేలు అనేవారు. వయసులో చిన్నవాళ్ళు బొటనవేలన్న అనేవారు. అసలు పేరు జీతం కాగితాల మీద ఉండేది, ఎవరికీ గుర్తులేదు. ఆ పేరు రావడానికి కారణం అతని పని. అతని గది విమానాల షెడ్డు వెనక ఉండేది. ఒకప్పుడు నూనె డబ్బాలు పెట్టుకున్న గది, ఎన్నిసార్లు కడిగినా నేల జిడ్డుగానే ఉండేది. బల్ల మీద రెండు యంత్రాలు. ఒకదాంట్లో కెమెరా టేపు తిరుగుతుంటే ఇంకోదాంట్లో అది డిస్కు మీదికి ఎక్కుతుంది. ఆ రెండోదానికి ఒక వైరు, ఆ వైరు చివర అగ్గిపెట్టెంత పాటల పెట్టె. చొక్కా జేబుకి తగిలించుకునేది, తెర లేనిది, నాలుగు మీటలు మాత్రమే ఉన్నది. అంతే సరంజామా. కంప్యూటరు మీద కత్తిరించి అతికించే తీరిక అక్కడ ఎవరికీ లేదు. దూకినవాడు బట్టలు మార్చుకుని టీ తాగేలోపు డిస్కు చేతికి రావాలి, ఈలోగా మరో విమానం దిగుతుంది. కాబట్టి టేపు నడుస్తుండగానే పాట పెట్టాలి, ఒక్క ఊపులో. విమానం తలుపు అంచుని పాదం దాటిన క్షణాన బొటనవేలు మీట నొక్కాలి. పారాచూట్ తెరుచుకుని మనిషి పైకి ఎగదన్నినట్టయిన చోట శబ్దం తగ్గించాలి, నేల దగ్గరపడుతుంటే మళ్ళీ పెంచాలి. తప్పితే మొదటినుంచీ చెయ్యాలి. అతను తప్పేవాడు కాదు. ఆ మీట మీద అతని వేలు ఎంత నిదానంగా ఉండేదంటే, పనిలేని పైలట్లు గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళేవారు.

పాటలు నాలుగే. హాల్లో గోడ మీద బోర్డు ఉండేది: డప్పులు, గిటారు, నవ్వులు, ఫిడేలు. పెట్టెలోనూ అదే వరస. కుర్రాళ్ళు డప్పులు కోరేవారు, ప్రేమికులు గిటారు. నవ్వులు అనేది స్నేహితుల గుంపుల కోసం. గలగల మువ్వల మోత మీద ఎవరో పడీపడీ నవ్వడం, ఈలలు వెయ్యడం, మధ్యలో ఒక తుమ్ము. ఫిడేలుని పెద్దవాళ్ళు ఎంచుకునేవారు, లేదా ఆకాశంలో తమకి ఏదో సాక్షాత్కారమైందని చెప్పదలచుకున్నవాళ్ళు. ఆ సాక్షాత్కారాల టేపులన్నీ అతను చూశాడు. ఒక్కరు కూడా కళ్ళు తెరిచి లేరు.

ఇంతకీ బొటనవేలుకి ఆ నాలుగు పాటల్లో ఒక్కటీ వినపడదు.

ఆ గదిలో కూర్చోకముందు అతను కెమెరా కట్టుకుని దూకేవాడు. గిరాకీ మనిషి ఎదురుగా గాల్లో బోర్లా పడుకుని, వాళ్ళ మొహం తెర నిండా వచ్చేలా పట్టేవాడు. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడని ఓనరే అనేవాడు, మనుషుల ముందర ఎవరినీ మెచ్చుకోని ఓనరు. ఒకసారి గట్టిగా పడిశం పట్టి ఉంది. రోజంతా మనుషులు ఉన్నారు, మరో కెమెరా మనిషి లేడు. దూకాడు. ముక్కు మూసుకుపోతే చెవిలో ఒత్తిడికి దారి ఉండదు. ఆ సంగతి మొదటి రోజు వచ్చిన గిరాకీకి కూడా చెబుతారు. హెల్మెట్ తీస్తే ఒక చెవిలోంచి దూది పెట్టాల్సినంత రక్తం వచ్చింది. మానిందనుకుని మళ్ళీ దూకాడు, అప్పుడు రెండో చెవి. ఇంకోసారి దూకితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాక ఓనరు అతన్ని పాటల గదిలో కూర్చోబెట్టాడు. "నేల మీద కూర్చుని ఆకాశంలో పని చెయ్యవయ్యా, మాకెవరికీ లేని యోగం" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, అప్పటికింకా వినపడేది.

ఉన్నది కూడా పోతూనే ఉంది. ముందు ఫిడేలు పై స్వరాలు పోయాయి, తర్వాత నవ్వులు. పోతున్నాయని తెలియడానికే చాలాకాలం పట్టింది. పాట బుర్రలో పాఠమైపోయి ఉంది కాబట్టి, చెవి ఇవ్వనిది బుర్ర ఇచ్చేసేది. చెవిటివాళ్ళకి లోపల ఏదో దివ్యసంగీతం మోగుతుంటుందని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళందరికీ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అతని లోపల మోగేది అరిగిపోయిన ఫిడేలు ముక్క ఒకటి, అదీ ఆగమంటే ఆగనిది. ఒక ఇంద్రియం పోతే మిగతావి పదునెక్కుతాయని ఇంకో మాట ఉంది. అతనిలో పదునెక్కింది అబద్ధమాడే తెలివి ఒక్కటే.

తల మీద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు. వాటి తీగ దేనికీ తగిలించి ఉండేది కాదు, చివర బల్ల సొరుగులో పడి ఉండేది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడు పలకకపోతే ఎవరూ ఏమీ అనుకోరు, భుజం తడతారు. భుజం తడితే తిరిగి మొహం చూస్తాడు. మొహం కనిపిస్తే పెదాల కదలిక పట్టుకుని సగం అర్థం చేసుకోగలడు, మిగతా సగానికి మాటలు ఉన్నాయి. "సరే", "చూద్దాం", "అదే కదా". ఈ మూడింటితో ఒక మనిషి ఎంతకాలం బతకొచ్చో చూస్తే, మన సంభాషణల మీద మనకున్న గౌరవం కొంత తగ్గుతుంది. గిరాకీలతో దూకే కుర్ర జంపరు ఒకడు ఓసారి వచ్చి, "అన్నా, మా నాన్నకి బాలేదు, ఆస్పత్రిలో వేశాం, రెండ్రోజులు రాను" అంటే, పళ్ళన్నీ కనబడేలా నవ్వి "అదే కదా!" అన్నాడు. ఆ కుర్రాడు అతనితో మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్ళు "బొటనవేలుకి తలబిరుసు పెరిగింది" అనుకున్నారు. అనుకోనిచ్చాడు. పొగరుబోతుని ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యరు. పాటల గదిలో చెవిటివాడిని మాత్రం ఎవరు ఉంచుకుంటారు? అక్కణ్ణుంచి పంపించేస్తే అతనికి ఆకాశంతో ఉన్న ఆఖరి లంకె తెగుతుంది. టేపులో ఆ మొహాలు మీదికి వచ్చే క్షణం ఒక్కటే అతనికి ఇంకా తన బతుకులా అనిపించేది. దాన్ని కాపాడుకోవడానికి అన్నీ ఒడ్డాడు. ఏవి ఒడ్డుతున్నాడో అతనికే తెలియదు.

భార్య అదే షెడ్డులో పారాచూట్లు మడిచేది. పొడుగాటి బల్ల, దాని మీద జారిపోయే బట్ట, తాళ్ళు. ఒక్కో మడతా మోచేత్తో అదిమి గాలి తీసేసి, సంచిలోకి కుక్కి, పిన్ను పెట్టేది. జంపర్లకి ఆమె వదిన. విమానం ఎక్కబోతూ ఎవడో ఒకడు కచ్చితంగా అడిగేవాడు.

"వదినా, ఇది తెరుచుకుంటుందంటావా?"

"మీ ఆవిడ నిన్ను చేసుకునేముందు చూసుకున్నదానికంటే జాగ్రత్తగానే చూశాలే, ఎక్కు."

షెడ్డంతా గొల్లుమనేది. అతను గదిలోంచి ఆ నోళ్ళు తెరుచుకోవడం చూసి, తన గురించేనేమో అనుకునేవాడు.

వాళ్ళిల్లు ఒక లాండ్రీ పైన. మెట్లదాకా ఇస్త్రీ ఆవిరి వాసన. రెండు గదులూ ఒక ఇరుకు వంటిల్లూ. వంటింట్లో సింకు గోడవైపు ఉండేది, అతని కుర్చీ సింకు వెనక. ఆమెకి గిన్నెలు తోముతూ మాట్లాడే అలవాటు. పగలంతా బల్ల మీద తల వంచి పని చేసేవాళ్ళకి ఎదుటి మొహం చూడకుండా మాట్లాడటమే వీలుగా ఉంటుంది. ఇదివరకు వాళ్ళ కాపురం అంతా ఆ సింకు దగ్గరే నడిచింది. ఆమె వీపుతో మాట్లాడేది, అతను వీపుకి జవాబు చెప్పేవాడు, ఇద్దరూ నవ్వుకునేవారు. ఇప్పుడూ ఆమె అలాగే మాట్లాడుతోంది. కుళాయి పారుతుంటుంది, భుజాలు కదులుతుంటాయి, అతను భుజాలు ఆగేదాకా చూసి "సరే" అంటాడు. హైస్కూల్లో చదివే కూతురు పుస్తకంలోకి తల దూర్చి పుస్తకంతోనే మాట్లాడే రకం. ఆ పిల్లకీ "చూద్దాం" అనేవాడు. "నాన్న గోడయిపోయాడమ్మా" అని ఒకసారి ఆ పిల్ల అతని పక్కనే కూర్చుని అంది. అతను తల ఊపాడు.

ఆమెకి చెప్పేయాలని చాలాసార్లు అనుకున్నాడు. కానీ ఆమె నోట్లో మాట దాగదు. పొద్దున తెలిస్తే మధ్యాహ్నానికి షెడ్డంతా జాలి పడుతుంది. జాలిపడే మొహాలు అతనికి డాక్టరు దగ్గరే సరిపోయాయి. చెవిటివాడని తెలియడం కంటే మొండివాడని అనుకోవడమే నయమని తేల్చుకున్నాడు. మొండితనం మొగుళ్ళలో మామూలేనని, దానికి ఏ భార్యా బెంబేలెత్తదని అతని లెక్క.

ఒక ఆదివారం ఆమె సింకు దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు మాట్లాడింది. ఒకే గిన్నెని అదేపనిగా తోముతోంది. భుజాలు ఆగాయి. "సరే" అన్నాడు. ఆమె కుళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు. మళ్ళీ ఏదో అంది, చిన్న మాట. "సరేలే, నీ ఇష్టం" అన్నాడు, మంచిగానే. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచీ ఆమెలో ఒక రకమైన మర్యాద కనిపించింది. అతని కంచం ముందు పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టేదని అతనికి తెలిసే అవకాశం లేదు గాని, నెమ్మదిగా పెట్టడం కనిపించేది, ఇంటికొచ్చిన కొత్తవాళ్ళకి పెట్టినట్టు. రోజూ ఉండే చికాకు లేదు, విసురు లేదు. పోనీలే, ఇల్లు చల్లబడింది అనుకున్నాడు.

ఆ తర్వాత వారంలోనే ఓనరుకి ఒక ఆలోచన వచ్చింది. కేంద్రం కోసం ఒక ప్రచారం పాట రాయించి పాడించాడు, దాన్ని కూడా పాటల పెట్టెలో వేయించాడు. పెట్టెని తిరిగి ఇస్తూ ఆ సంగతి చెప్పాడు. చెప్పింది ఎక్కడంటే, ఇంజను వేడెక్కుతున్న విమానం పక్కన, ప్రొపెల్లరువైపు చూస్తూ. మాట ఇది: "కొత్త పాటని మొదట పెట్టించానయ్యా. పాతవన్నీ ఒక్కోటీ వెనక్కి జరిగాయి, చూసుకో." చెవులున్నవాడికే సగం వినపడే మాట.

"సరే సార్" అన్నాడు బొటనవేలు.

ఆ ఉదయం మొదట దూకినవాళ్ళు ఇద్దరు స్నేహితులు. గిటారు అడిగితే డప్పులు వచ్చాయి. హాల్లో కుర్చీలు జరిపి మరీ గంతులేసి వెళ్ళారు. ఎవరికీ అనుమానం రాలేదు.

తర్వాత వచ్చినవాడు పళ్ళ డాక్టరు. నెత్తి మీద జుట్టు పల్చబడ్డ మనిషి, నల్ల బూట్లు, మడత నలగని చొక్కా. ఇద్దరికి బుక్ చేసుకుని ఒక్కడే వచ్చాడు. దూకాలని సరదాపడింది భార్యేనట. తన రక్తంలో జబ్బు ఉందని తెలిశాక, తగ్గగానే ఆకాశంలోంచి దూకుతానని పట్టుబట్టి బుక్ చేయించిందట. తగ్గలేదు. ఆమె చెల్లెలు తోడొచ్చింది, దూకడానికి కాదు, చూడటానికి. బోర్డు ముందు ఆ డాక్టరు చాలాసేపు నిలబడి ఫిడేలు చూపించాడు. "తనకి అదంటే ఇష్టం" అని పారాచూట్ల బల్ల దగ్గరున్న బొటనవేలు భార్యతో అన్నాడు, ఆమే ఆ పూట అతని సంచీ బిగించింది కాబట్టి.

టేపు వచ్చింది. పెట్టాడు. బొటనవేలు ఎన్నో మొహాలు చూశాడు గాని ఇలాంటిది చూడలేదు. తలుపు దాటగానే పళ్ళ డాక్టరు కళ్ళు మూసుకోలేదు. తెరిచి, పక్కకి చూశాడు, పక్కన ఎవరో పడుతున్నట్టు. నోరు తెరిచి ఏదో అన్నాడు. గాలి హోరులో ఆ మాట ఏ కెమెరాకీ అందదు. పెదాలు చదవడం నేర్చుకున్నవాడికి మాత్రం అందింది. "చూశావా" అంటున్నాడు. "చూశావా, చూశావా."

అన్నవాడు కాక లోకంలో ఆ మాట తెలిసింది బొటనవేలు ఒక్కడికే. పాటల పెట్టెలో ముందుకి జరిపే మీటని ఫిడేలు ఉండే నాలుగో చోటుదాకా నొక్కాడు. టేపు మళ్ళీ మొదటికి తిప్పి, ఆ పాదం అంచు దాటిన క్షణాన, ఎన్నడూ నొక్కనంత సుతారంగా నొక్కాడు. "చూశావా" అనే చోట శబ్దాన్ని ఒక మెట్టు దించాడు, ఆ మాటకి దారి ఇచ్చినట్టు. ఆ ఉద్యోగంలో అతను చేసిన పనుల్లో అదే మేలైనది.

డిస్కు హాల్లోకి వెళ్ళింది. ఇంకో కాపీ మరదలికి కావాలన్నారని చీటీ వస్తే మళ్ళీ మొదలుపెట్టాడు.

హాల్లో తెర మీద పళ్ళ డాక్టరు భార్యకోసం ఆకాశంలో పక్కకి చూస్తున్నాడు, స్పీకర్లలో ఎవరో పడీపడీ నవ్వుతున్నారు. మువ్వలు గలగలమంటున్నాయి. అతను "చూశావా" అన్నచోట ఎవరో తుమ్మారు, నవ్వు ఇంకా పెరిగింది. మరదలు లేచి నిలబడింది. డాక్టరు మాత్రం కూర్చునే ఉన్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తన క్లినిక్కులో వంతుకోసం కూర్చున్న పేషెంటులా. అయిపోయేదాకా చూశాడు. డిస్కు బయటికి తీయించుకుని, కౌంటరు మీద పెట్టి, "వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

పారాచూట్ల బల్ల హాలు తలుపుకి దగ్గర. నవ్వులు వినపడగానే బొటనవేలు భార్య పిన్ను సగంలో వదిలేసి పాటల గదికి పరిగెత్తింది.

"ఏమయ్యా, అదేం పాట పెట్టావు? ఆయన ఫిడేలు అడిగాడు!"

గదిలో చిన్న స్పీకరు ఒకటి ఉండేది, చూసేవాళ్ళకోసం ఎప్పుడూ వాగుతూనే ఉండేది. దాంట్లోంచి అదే నవ్వు గది నిండా. ఆ నవ్వు మధ్యలో ఆమె మొగుడు తల వంచుకుని, కళ్ళు తడిగా, బొటనవేలితో శబ్దాన్ని ఒక్కో మెట్టూ దించుతున్నాడు, నిద్రపోతున్న పసిబిడ్డ మీద దుప్పటి కప్పుతున్నట్టు.

"నిన్నే! కట్టెయ్ దాన్ని!"

తిరగలేదు. హెడ్‌ఫోన్లు కదా అనుకుంది. లాగేద్దామని వాటి తీగ పట్టుకుంది. తీగ తేలిగ్గా వచ్చేసింది. సొరుగులోంచి దాని చివర జారి, ఆమె చేతిలో దేనికీ తగలకుండా వేలాడింది. ఆమె దాన్ని చూసింది. స్పీకరుని చూసింది. వంగి, అతని చెవికి దగ్గరగా, గట్టిగా కూడా కాదు, అడిగింది.

"నీకు వినపడదా?"

టేపు అయిపోయి తెర నల్లబడింది. ఆ నలుపులో తన వెనక ఆమె ఆకారం, కదులుతున్న నోరు కనిపించాయి అతనికి.

"సరే" అన్నాడు. "సరేలే, వస్తున్నా."

ఆమె తలుపు మూసింది. బల్లకి ఇటువైపు వచ్చి, యంత్రం పక్కకి జరిపి, అతని ఎదురుగా కూర్చుంది. హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టింది. ఇంత దగ్గరగా ఆమె మొహం అతను ఈ మధ్య చూడలేదు. కళ్ళ కింద సన్నటి గీతలు వచ్చాయి.

"ఎప్పట్నుంచి?" అంది, ఒక్కో అక్షరం విడదీసి.

"కొంచెం కొంచెంగా..." అన్నాడు. ఇక అబద్ధం కుదరలేదు. "పూర్తిగా పోయింది ఈ మధ్యే."

"పోయిన వారం సింకు దగ్గర నీతో ఏం చెప్పాను?"

అతను ఆమె పెదాలనే చూస్తూ వెతుక్కున్నాడు. "కుళాయి... కుళాయి కారుతోందని. బాగు చేయించమని."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే మొహం పాడైపోయింది.

"అక్క వాళ్ళ ఊళ్ళో గుడారాలు కుట్టే కార్ఖానాలో నాకు పని ఇస్తామన్నారని చెప్పాను. పిల్లని తీసుకుని వెళ్ళిపోతానన్నాను. నీతో ఉంటే గోడతో ఉన్నట్టుందని, ఒక్క మాట మాట్లాడితే ఆగిపోతానని చెప్పాను. నువ్వు సరే అన్నావు. నమ్మలేక మళ్ళీ అడిగాను, వెళ్ళమంటావా అని. సరేలే, నీ ఇష్టం అన్నావు."

అతను అన్నీ పట్టుకోలేకపోయాడు. "వెళ్ళిపోతాను" పట్టుకున్నాడు. "సరే" పట్టుకున్నాడు. చాలు.

"నాకు వినపడలేదు" అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందిగా."

"వద్దు. వెళ్ళొద్దు."

బయట ఎవరో తలుపు కొడుతున్నారు, ఆమెకే వినపడుతోంది.

"చెవిటివాడితో ఉండేదాన్నయ్యా. అరిచి చెప్పుకునేదాన్ని, రాసి చూపించుకునేదాన్ని. దానికేముంది? నువ్వు నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. నిన్ను రాయి అనుకోనిచ్చావు. రోజూ ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఒకరోజు మానేశాను. ఇప్పుడు కారణం దొరికిందని మళ్ళీ మొదలుపెట్టమంటే నావల్ల కాదు."

"మొదలుపెట్టమనడం లేదు..."

"మరి?"

అతని దగ్గరున్న మూడు మాటల్లో ఏదీ అక్కడ చెల్లదు.

నిజం బయటపడితే గుండె బరువు దిగుతుందని అంటారు. ఎవరి గుండె బరువో చెప్పరు. ఆమె లేచినప్పుడు బల్ల పట్టుకుని లేచింది, నెత్తి మీద ఏదో కొత్తగా పెట్టినట్టు. ఇప్పటిదాకా ఆమె ఒక పొగరుబోతుని వదిలి వెళ్ళబోయింది, ఊరంతా మెచ్చే పని. ఇక మీదట ఒక చెవిటివాడిని వదిలి వెళ్ళాలి.

ఓనరు అరుస్తాడనుకున్నాడు. అరవలేదు, అదే కష్టమైంది. పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి సరైన పాటతో మళ్ళీ చేసి పంపుతామంటే "అక్కర్లేదండీ, నేను చూసింది నాకు గుర్తుంది" అన్నాడట. ఓనరు అది కాగితం మీద రాసి చూపించాడు. బొటనవేలు భుజం మీద చెయ్యి వేసి, "ముందే చెప్పొచ్చు కదయ్యా" అన్నాడు, పెదాలు బాగా సాగదీసి, పసిపిల్లలకి చెప్పినట్టు. ఉద్యోగంలోంచి తియ్యలేదు. విమానాలు దిగే మైదానంలో గడ్డి కోసే బండి ఇచ్చాడు. "దాని మోత భరించలేక ఇద్దరు మానేశారు. నీకా ఇబ్బంది ఉండదు" అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. గుమ్మంలో నిలబడి చూసే పైలట్లు ఇప్పుడు అతన్ని చూస్తే చేతులు ఊపుతారు, వాళ్ళు ఊపే తీరు మారింది. తండ్రి ఆస్పత్రిలో ఉన్న కుర్రాడు వచ్చి కావలించుకున్నాడు. అతను భయపడినవన్నీ జరిగాయి, ఒక్కదానికీ అతను చచ్చిపోలేదు. ఇంతకోసమా దాచాను అనే ప్రశ్న ఒకటి మాత్రం బండి మీద కూర్చున్నంతసేపూ ఎదురుగా కూర్చునేది.

ఇంట్లో ఆమె ఇప్పుడు ఏది చెప్పినా ఎదురుగా వచ్చి చెబుతోంది. గ్యాసు డబ్బు ఎక్కడ కట్టాలి, కింద లాండ్రీవాళ్ళకి ఇంటద్దె ఎప్పుడు ఇవ్వాలి, పిల్ల బడి మార్పిడి కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలి. ఓపిగ్గా, అర్థమయ్యేదాకా. అతను ఒక్క మాటా వదలకుండా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఇంత బాగా మాట్లాడుకోలేదు.

బస్టాండుకి ముగ్గురూ కలిసే వెళ్ళారు. పెట్టెలు అతనే మోశాడు. ఆమె బస్సెక్కేముందు అతని చొక్కా కాలరు సరిచేసి, "డాక్టరు దగ్గరికి వెళ్ళు, మిషను పెడతారేమో అడుగు" అంది. "వెళ్తాను" అన్నాడు. ఆమె వెళ్ళి కూర్చుంది, ఎదుటి సీటు వెనకవైపు చూస్తూ. కూతురు కిటికీ పక్కన. ఏసీ బస్సు, అద్దాలు తెరుచుకోవు.

కూతురు అద్దానికి మొహం ఆనించి ఏదో అంది. పుస్తకంలోకి కాదు, అతని మొహంలోకి చూస్తూ. ఊపిరికి అద్దం మసకబారి పెదాలు కనపడలేదు. అతని తల దానంతటదే కిందికి కదలబోయింది. ఆపాడు. మెడ బిగించి, గట్టిగా ఆపాడు.

"అర్థం కాలేదు" అన్నాడు.

ఆ పిల్ల చేత్తో అద్దం తుడిచి మళ్ళీ అంది. ఏదో పొడుగాటి మాట. చివర ప్రశ్నలా ఉంది. కనుబొమ్మలు పైకి లేచాయి.

"అర్థం కాలేదమ్మా! మళ్ళీ చెప్పు!"

ఎంత గట్టిగా అరిచాడో అతనికి తెలియదు. బస్టాండులో జనం తిరిగి చూశారు. ఒకావిడ పిల్లాడిని దగ్గరికి లాక్కుంది. బస్సు కదిలింది. అతను పక్కనే నడుస్తూ, తర్వాత పరిగెడుతూ, "మళ్ళీ చెప్పు" అని అరుస్తూనే ఉన్నాడు. మందపాటి అద్దం వెనక కూతురు అతని నోటివైపు చూసింది, కాసేపు పట్టి పట్టి చూసింది, ఏమీ వినపడక, నవ్వి, తల ఊపింది.